దసరా నాడు పీట ఎక్కిన పెట్టె

దసరా, ఉదయం. సిరిసిల్ల, మా ఇల్లు. హాజరైనవారు: నేను, నా భార్య సరోజన, పక్కింటి మోటారు మెకానిక్ యూసుఫ్, నా తమ్ముడి బిడ్డ మౌనిక పెట్టిపోయిన ఇనుప పెట్టె. భూదేవి కొంచెం ఆలస్యంగా వచ్చింది.

ఆనాటి డైరీలో ఇంతే ఉంది. మిగతాది రాయడానికి అప్పుడు చెయ్యి ఆడలేదు. మౌనిక మూడేళ్ల చదువును ఒక్క కొబ్బరికాయతో ఎలా పగలగొట్టవచ్చో ఇప్పుడు రాస్తున్నాను. చదివి నవ్వుకోండి. నాకు నవ్వు రావడానికి ఇంకొంత కాలం పడుతుంది.

ముందు పెట్టె సంగతి. భూకంపం వస్తే నేల ఊగుతుందని అందరికీ తెలుసు. ఊగడమే కాదు, తడిబట్టను పిండినట్టు కాస్త మెలి కూడా తిరుగుతుందట. ఆ మెలిని కొలవడమే మౌనిక పరిశోధన. జగిత్యాలలో ఒకటి, కోరుట్లలో తన ఇంట్లో ఒకటి, మా వెనక గదిలో ఒకటి పెట్టెలు పెట్టింది. మా పెట్టెను బండలకు బోల్టులతో బిగించి, "పెద్దబాపు, నేల కదిలితేనే ఇది కదలాలె. దీన్ని ముట్టొద్దు" అంది.

"భూమిని గొలుసు పట్టి కొలిచినోన్ని బిడ్డా, నాకు చెప్తున్నవా?" అన్నాను. సర్వే శాఖ నుంచి కొత్తగా రిటైరయ్యాను. నేను దిగిపోయినా నా గర్వం ఇంకా సర్వీసులోనే ఉంది.

చిక్కేమిటంటే, మా ఊళ్లో మరమగ్గాలు, అదే సాంచాలు, నేలను అదరగొడుతూనే ఉంటాయి. వాటి మధ్య చిన్న భూకంపం, పెళ్లి బ్యాండు ముందు దోమ పాట. నెలాఖరులోగా ఒక్కటైనా దొరక్కపోతే సబ్జెక్టు మార్చుకోవాల్సిందేనని మౌనిక గైడు తేల్చేశాడు. "దసరా నాడు సాంచాలన్నీ బంద్ ఉంటయి. ఇగ గా రోజే నాకు ఆశ" అని ఫోనులో చెప్పింది.

నేను చేయవలసిందల్లా ఊరికే కూర్చోవడం. నాకు చేతకాని పని అదొక్కటే.

దసరాకు మా దగ్గర ఎవరి పనిముట్టుకు వారు మొక్కుతారు. నా పాత గొలుసు అప్పటికే పీట ఎక్కింది. బిడ్డ పనిముట్టు మాత్రం వెనక గదిలో బొట్టయినా లేకుండా ఉంది. అక్కడికే పోయి బొట్టు పెట్టమంది సరోజన. దేవుడి ముందు పెట్టకుండా చేస్తే అది పూజ ఎలా అవుతుందన్నాను. పద్ధతంటే పద్ధతే. బోల్టులు విప్పడానికి యూసుఫ్‌ను పానా తెమ్మన్నాను.

"బిడ్డ ముట్టొద్దన్నది గద సార్?"

"నేను మర్యాద చేస్తున్న యూసుఫ్."

"మర్యాదకు పానా ఎందుకు సార్?"

అందరూ చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు. నేను ఆకులు చేత పట్టుకుని వెళ్లి మరీ కాల్చుకున్నాను. బోల్టులు విప్పించి, వైరు ఊడకుండా పెట్టెను మోసుకొచ్చి, పీట మీద బియ్యం పోసి, ఉత్తరం చూస్తున్న దాన్ని తూర్పుకు తిప్పి కూర్చోబెట్టాను. పసుపు, కుంకుమ, బంతిపూలు. ఇక కొబ్బరికాయ కొట్టాను.

గిన్నెలు గలగలలాడాయి. పటం గోడకు కొట్టుకుంది. పీట గజగజ వణికింది.

"కాయ గంత గట్టిగ కొడ్తరా?" అంది సరోజన.

బయట వాడకట్టంతా కేకలు. అప్పుడు తెలిసింది, అది నా చేతి బలం కాదని. సంతోషం పట్టలేక మౌనికకు ఫోన్ చేశాను. కోరుట్లలో ఏమీ తెలియలేదట. మీ దగ్గరే పుట్టి ఉంటుందంటూ ఆమె సంతోషంతో ఏడ్చినంత పనిచేసింది. జగిత్యాల పెట్టె కూడా పట్టి ఉండదు, సిరిసిల్లదే దిక్కు అంది. నేను కొబ్బరికాయ సంగతి చెప్పగానే ఆమె గొంతు మారింది.

"పెట్టె యాడున్నది పెద్దబాపు?"

"పీట మీద."

"రేపు పొద్దుగాల్ల వస్త, అప్పటిదాంక దాన్ని ముట్టకు" అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే బస్సు దిగి వచ్చింది. అప్పటికే మగ్గాలు మొదలై నేల మళ్లీ అదురుతోంది. మౌనిక కంప్యూటర్ తెరిచి గీతలు చూపించింది. "ఇది నువ్వు తూర్పుకు తిప్పింది. ఇది కొబ్బరికాయ. గిది మాత్రం నేల తిరిగిందో, బియ్యం మీద పెట్టె తిరిగిందో ఎవ్వరు చెప్పలేరు."

"కొంచెమన్నా పనికిరాదా బిడ్డా?"

"భూకంపాన్నయితే పట్టలె పెద్దబాపు. నిన్నయితే సాఫ్‌గ పట్టింది."

సందుల్లో ఇరుక్కున్న కుంకుమను తుడవకుండానే పెట్టెను ఆటోలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆటో మలుపు తిరిగాక దేవుడి ముందు నిలబడి ప్రమాణం చేశాను: ఇకమీదట నా గొలుసుకు తప్ప మరే పనిముట్టుకూ మొక్కను, అదే వచ్చి నాకు మొక్కినా సరే, ముట్టుకోను.