మిరప కల్లంలో బాస్కెట్‌బాల్

ఈ కాలం బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళ మీద నాకు చెప్పలేనంత కోపం. తాటిచెట్టంత మనుషులు, చెయ్యి చాపితే రింగు అందుతుంది. అయినా దగ్గరికి వెళ్ళి వెయ్యరు. ఎక్కడో గీత అవతల నిలబడి విసురుతారు. పడితే మూడు పాయింట్లు. పడకపోతే ఏమీ జరగనట్టు వెనక్కి పరుగు. ఒకడు విసిరాడని రెండోవాడు, వాడు విసిరాడని మూడోవాడు. లోపలికి దూరి, ఇద్దర్ని భుజంతో తోసి, పైకి లేచి వేసే మొనగాడు వందలో ఒకడు. వాడు కనపడిన రోజు నేను కూర్చున్నచోటు నుంచి లేచి కేకలు పెడతాను.

నేను చూసేది ఫోన్లో. అమెరికా వాళ్ళు రాత్రిపూట ఆడే ఆట మనకి పొద్దున్నే వస్తుంది. సరిగ్గా ఆ వేళకి నేను మా చర్చి ఆవరణలో మిరపకాయలకి కాపలా కూర్చుని ఉంటాను. నేను కూర్చునే చోటు కూడా బాస్కెట్‌బాల్ కోర్టే. మాది పర్చూరు దగ్గర పల్లె. మిషను దొరల కాలంలో చర్చి పక్కన బడి కట్టినప్పుడు సిమెంటుతో కోర్టు వేసి రెండు వైపులా స్తంభాలు పాతారు. సిమెంటు నేల ఎండకి బాగా కాగుతుంది, కాయ కింద తేమ నిలవదు. అందుకని కోతలు మొదలైన దగ్గర్నుంచి వేసవి దాకా మా పాలెం వాళ్ళందరికీ అదే కల్లం. పైన రింగులు, కింద ఎర్రగా మిరపకాయలు. సాయంత్రం బడి వదిలాక కాయల్ని కుప్ప చేసి పట్టాలు కప్పి అంచులకి లాగేస్తాం, ఆడపిల్లలు ఆడుకుంటారు. చీకటి పడ్డాక వాళ్ళు పోతారు. తెల్లారి మళ్ళీ మేం పరుస్తాం. ఎవరూ కాగితం మీద రాసుకున్నది కాదు. మా అత్త కాలం నుంచీ అలాగే నడుస్తోంది.

యాభై దాటాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఆదివారం బడి చెప్పే టీచరమ్మ చర్చి వరండాలో కూర్చోబెట్టి దిద్దించింది. బైబిలు చదవడానికని మొదలుపెట్టి, పేపర్లో ఆటల పేజీ దగ్గర ఆగిపోయాను. అంకెలు అంతకు ముందే వచ్చు, కాటా దగ్గర కూలీకి అంకెలు రాకపోతే బతుకు లేదు. ఇంగ్లీషు మాత్రం ఇప్పటికీ రాదు. జట్ల పేర్లు చొక్కా రంగుతో గుర్తుపడతాను. ఆట అర్థం కావడానికి అది చాలు.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ ఆటగాళ్ళు ఒళ్ళు బాగానే ఉన్నా కొన్ని రోజులు ఆడరు. విశ్రాంతి అంట! అంతంత జీతాలు తీసుకుని, టిక్కెట్టు కొన్న జనం వచ్చి కూర్చున్నాక, కోటు తొడుక్కుని బెంచీ మీద కూర్చుంటారు. మిరప కోతల్లో మేస్త్రీతో ఆ మాట చెప్పి చూడమనండి. ‘నాకు జ్వరం లేదు, నడుం నొప్పి లేదు, ఊరికే విశ్రాంతి’ అని. మేస్త్రీ ఏమంటాడో ఇక్కడ రాయకూడదు.

హాకీ సాయంత్రం టీవీలో వస్తుంది. హాకీ అంటే నాకు ప్రాణం. మన పిల్లలు నడుం విల్లులా వంచి పరిగెత్తుతుంటే మా కోతల సాలు గుర్తొస్తుంది, ఆ నొప్పి ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. లీగులో ఆటగాళ్ళని వేలంలో కొంటారని తెలిసినప్పుడు మాత్రం ఒళ్ళు మండింది. మిర్చి యార్డులో పాట పెట్టే బస్తాలా, టిక్కీలా వాళ్ళు? తరవాత మా మనవరాలు చెప్పింది, వేలం మూలానే ఇంటికి నాలుగు డబ్బులు పంపగలుగుతున్నారని. సరే, వేలమే వెయ్యండి. కానీ ఆట మొదలయ్యే ముందు నేలంతా నీళ్ళతో తడుపుతారు చూడండి, దానికి మాత్రం నేను ఒప్పుకునేదాన్ని కాదు. మా పొలాలకి కాలవ నీళ్ళు రాక చస్తుంటే ఆట నేలకి నీళ్ళా!

ఇక బేస్‌బాల్. అదేం ఆట అండీ. ఒకడు విసురుతాడు, ఒకడు నిలబడతాడు, మిగతా అందరూ ఏదో నములుతూ ఉమ్ముతూ ఉంటారు. ఇప్పుడు విసిరేవాడికి ఇంతలోపు విసరాలని గడియారం పెట్టారు కాబట్టి కొంచెం నయం, లేకపోతే ఆ మధ్యలో నేను రెండు గంపల కాయలు ఏరేదాన్ని. అయితే ఒకటి చూసి మాత్రం చప్పట్లు కొట్టాను. వాన వచ్చింది. పది పదిహేను మంది ఒకేసారి పరిగెత్తుకొచ్చి, పెద్ద పట్టా అంచులు పట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ నేలంతా కప్పేశారు. ‘ఇదిరా ఆటంటే!’ అన్నాను. మా తోటికోడలు నన్ను ఎగాదిగా చూసింది.

ఇన్ని మాట్లాడతాను కదా, ఇప్పుడు మా కోర్టులో జరిగింది చెబుతాను.

మా బడి ఆడపిల్లల జట్టుకి మా మనవరాలు, అంటే మా అమ్మాయి కూతురు, కెప్టెన్. పదో తరగతి, ఈ బడిలో ఇదే ఆఖరి ఏడు. గుంటూరు నుంచి ఒక పెద్ద బడి జట్టు మా మీద ఆడటానికి వస్తోంది. గెలిచినవాళ్ళు రాష్ట్రం పోటీలకి. మా బడి ఆ గడప ఎన్నడూ ఎక్కలేదు. మా పిల్ల వారం రోజుల నుంచీ అన్నం సరిగ్గా తినడంలేదు. నేనేమో దాని వెంటపడి, “ఒసేయ్, దూరం నుంచి విసరమాకు. ఫోన్లో వాళ్ళని చూసి చెడిపోతున్నావు. లోపలికి పోయి వెయ్యి” అని సాధిస్తున్నాను.

“నువ్వు ఆడతావా, నేను ఆడాలా?” అనేది అది.

ఆట రోజు తెల్లవారకముందే మేం ఆడవాళ్ళం అందరం దిగాం. కాయలన్నీ కుప్పలు చేసి, పట్టాల మీదికెత్తి, పల్లంగా ఉండే పక్కకి గీత అవతలికి లాగాం. చీపుర్లతో రెండు సార్లు ఊడ్చాం. నీళ్ళు పోసి కడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వస్తే మాత్రం ఎలా కడుగుతాం? నీళ్ళు పల్లానికే పోతాయి, పల్లంలో కాయలున్నాయి. కల్లం నేల మీద నీళ్ళు పోయడమంటే మాకు పంట మీద పోసినట్టే. అద్దంలా ఉంది అనుకున్నాం. సిమెంటు పగుళ్ళలో ఎన్నేళ్ళ కారం ఉందో మేం చూడలేదు.

ఆట మొదలైంది. పది మంది పిల్లలు, పది జతల బూట్లు, బంతి దబదబా నేలకి కొడుతున్నారు. కాసేపటికి టౌను జట్టులో పొడుగుపిల్ల ఒకటి రింగు కింద నిలబడి బంతి ఎత్తింది, ఎత్తి తుమ్మింది. బంతి మా పిల్ల చేతిలోకి వచ్చింది. దాని వెనకే ఇంకో పిల్ల తుమ్మింది. ఇంకో పిల్ల చెమట తుడుచుకోబోయి కళ్ళు నులుముకుంది, అంతే, కళ్ళ నుంచి ధారలు. రిఫరీ ఈల నోట్లో పెట్టుకుని తుమ్మితే ఈల దానంతటదే మోగింది.

మా పిల్లలకి మాత్రం ఏమీ లేదు! నడక వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఘాటులో పెరిగినవాళ్ళు. వాళ్ళు బంతి తీసుకోవడం, వెయ్యడం. మా వైపు జనం గోల గోల. నేను అందరికంటే ఎక్కువ. “తుమ్మితే ఫౌలు ఇవ్వరా రిఫరీగారూ?” అని అరిచాను కూడా.

సగం ఆట అయ్యేసరికి మేం చాలా ముందున్నాం. అప్పుడు టౌను జట్టు సారు, ఎర్రబడ్డ కళ్ళతో, కోర్టు మధ్యలోకి వచ్చాడు.

“ఇది ఆటా అండీ? కావాలని కారం చల్లారు. నేను పైకి రాసి పంపుతా. ఈ జట్టుని పోటీ నుంచే తీసెయ్యాలి.”

మా డ్రిల్లు మేడం ముఖం పాలిపోయింది. “సార్, ఇక్కడ కాయలు ఎండబోస్తారండి. చల్లింది కాదు. మాకు అలవాటయిపోయి తెలియలేదండి.”

“తెలియకపోవడమేంటి మేడం? మీ పిల్లలు ఒక్కళ్ళయినా తుమ్మారా?”

నేను లేచాను. “ఏందయ్యా, మా పిల్లలు తుమ్మకపోవడం కూడా తప్పేనా?”

“అమ్మమ్మా, కూర్చో!” అని అరిచింది మా మనవరాలు. తరవాత రిఫరీ దగ్గరికి నడిచింది. “సార్, పాయింట్లన్నీ కొట్టేయండి. నేల బాగుచేసి మొదటి నుంచి ఆడదాం. గెలిచాక కారం వల్ల గెలిచారన్న మాట మాకొద్దు.”

“ఒసేయ్ పిచ్చిదానా, చేతికొచ్చిన ఆటే అది!” అన్నాను. ఎవరూ వినలేదు. రిఫరీ ముక్కు తుడుచుకుంటూ, “నేల బాగుచెయ్యడానికి ఎంత సేపు? ఎలా చేస్తారు?” అన్నాడు.

నాకు చప్పున హాకీ నేల గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ దండగ అని తిట్టిన నీళ్ళు!

“బోరు మోటారు వెయ్యండి! పైపుతో కొట్టండి, హాకీ వాళ్ళు తడిపినట్టు. దుమ్మంతా పల్లానికి పోతుంది.”

“పల్లంలో మన కాయలున్నాయి అక్కా!” అంది మా తోటికోడలు. “తడిస్తే బూజు పడతాయి. ఏడాది పంట!”

“ఉంటే లాగండే! బేస్‌బాల్ వాళ్ళు పట్టా లాగినట్టు, తలా ఒక అంచు పట్టుకోండి!”

“ఎక్కడికి లాగాలి?”

దగ్గర్లో కప్పు ఉన్నది ఒక్కటే. చర్చి. పాస్టరుగారు గుమ్మంలోనే నిలబడి ఆట చూస్తున్నారు. ఆయన కూడా అప్పటికే రెండు సార్లు తుమ్మారు.

“అయ్యగారూ, తలుపు తియ్యండి” అన్నాను.

“లోపలికా అమ్మా?” అన్నారాయన.

మా తోటికోడలు నా చెయ్యి గిల్లింది. “అక్కా, ప్రభువు సన్నిధిలో మిరపకాయలేంది?”

“పంట ఇచ్చింది ఆయనే కదే. ఒక పూట నీడ ఇవ్వడానికి నామోషీ పడతాడా?”

పాస్టరుగారు నవ్వేశారు. రెండు తలుపులూ బార్లా తీసి, తనే చాపలు చుట్టడం మొదలుపెట్టారు. ఇక చూడండి! మా పాలెం ఆడవాళ్ళు, మగవాళ్ళు, చూడ్డానికొచ్చిన జనం, ఆఖరికి టౌను పిల్లలు ఇద్దరు ముక్కులకి చున్నీలు కట్టుకుని, పట్టాల అంచులు పట్టుకున్నారు. కుప్ప తరవాత కుప్ప చర్చి మెట్లెక్కింది. అందరూ ఒకే అడుగు వేస్తున్నారు. మేస్త్రీ కేకలు నేనే వేశాను. అలాంటి హుషారు నా పెళ్ళిలో కూడా లేదు.

మోటారు వేశారు. ఎర్రటి నీళ్ళు పల్లానికి పారాయి. గోనె సంచులతో తుడిచాం. మాఘమాసపు ఎండ, సిమెంటు చూస్తుండగానే తెల్లబడింది. రిఫరీ వంగి అరచేత్తో నేల రాసి, వాసన చూసి, తుమ్మలేదు. మళ్ళీ ఈల ఊదాడు. సున్నా, సున్నా.

ఇప్పుడు తెలిసింది టౌను పిల్లల సత్తా. ఆ పొడుగుపిల్ల లోపలికి వస్తే ఆపడం మా వాళ్ళ వల్ల కాలేదు. నేను చెప్పే ఆట అదే ఆడుతోంది, దగ్గరికి పోయి వెయ్యడం. నాకు కోపం, మెప్పు రెండూ ఒకేసారి వచ్చాయి. వాళ్ళు వేస్తే మా వాళ్ళు వేశారు. వాళ్ళు ముందుకు పోతే మా వాళ్ళు అందుకున్నారు. గొంతు పోయి నేను చేతులు ఊపుతున్నాను.

చివరికి వచ్చేసరికి మేం ఒక్క పాయింటు వెనక. డ్రిల్లు మేడం గడియారం చూస్తోంది. బంతి మా మనవరాలి చేతిలో, గీత అవతల. నాకు ఎక్కడి నుంచో గొంతు వచ్చింది.

“లోపలికి పోవే! దగ్గరికి పో! అక్కణ్ణించి వెయ్యమాకు!”

అది నా వైపు చూడనైనా లేదు. అక్కడే, ఆ గీత అవతలే, రెండు కాళ్ళ మీదా ఎగిరి విసిరింది. బంతి గాల్లో ఉండగానే ఆట అయిపోయిందని ఈల మోగింది. ఆ బంతి కిందికి రావడానికి ఎంత సేపు పట్టిందో! రింగు లోపలి అంచుకి తగిలి, ఒకసారి ఊగి, వలలోంచి జారింది. ఈల కంటే ముందే విసిరింది కాబట్టి లెక్కకొచ్చింది, మూడు పాయింట్లు!

ఆ తరవాత ఎవరు ఎవర్ని ఎత్తుకున్నారో నాకు తెలియదు. నేను డ్రిల్లు మేడాన్ని పట్టుకుని గెంతుతున్నానని మాత్రం గుర్తు. టౌను జట్టు సారు వచ్చి మా మనవరాలికి చెయ్యి ఇచ్చాడు. ఆ పొడుగుపిల్ల దాని భుజం తట్టి, “నీ ఫోను నంబరు ఇవ్వవా?” అంది.

మా తోటికోడలు నా పక్కన నిలబడి, “అక్కా, అక్కణ్ణించి వెయ్యకూడదన్నావుగా?” అంది.

“నోరు ముయ్యవే. పడిందిగా.”

ఇంటికి వచ్చేటప్పుడు మనవరాలు అంది, “లోపల ఆ పొడుగుపిల్ల, ఇంకోపిల్ల నిలబడి ఉన్నారు అమ్మమ్మా. నీకు కనపడలా?”

కనపడ్డారు. అయినా ఒప్పుకోలేదు. “రాష్ట్రం పోటీల్లో అలా వెయ్యమాకు” అన్నాను. అది నవ్వి, ఎన్ని రోజులకో కడుపునిండా అన్నం తింది.

ఆ ఆదివారం చర్చిలో పాస్టరుగారు మా పిల్లల గెలుపు కోసం కృతజ్ఞతా ప్రార్థన మొదలుపెట్టారు. కాయలు తీసి, ఊడ్చి, చాపలు దులిపి పరిచాం గానీ గోడలకి పట్టిన ఘాటు పోతుందా? నాలుగు గోడల మధ్య ఆ ఘాటుకి మా అలవాటు కూడా చాలలేదు. ‘పరలోకమందున్న’ అనగానే ఆయన తుమ్మారు. ముందు వరస తుమ్మింది. వెనక వరస తుమ్మింది. మేం కళ్ళు తుడుచుకుంటుంటే పక్క ఊరి నుంచి వచ్చిన చుట్టాలు ఎంత భక్తి అనుకున్నారో ఏమో! పాటలు పాడే పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆయన ఆపకుండా ప్రార్థన ముగించారు. ఆమెన్ మాత్రం అందరం గట్టిగా అన్నాం.

సోమవారం పొద్దున్నే కోర్టు నిండా మళ్ళీ కాయలు పరిచి, ఫోను పెట్టుకుని కూర్చున్నాను. తాటిచెట్టంత వాడు ఒకడు గీత అవతల నుంచి విసిరాడు. బంతి రింగుకి కూడా తగల్లేదు.

“చూశావా?” అన్నాను, బడి సంచి భుజాన వేసుకుని పోతున్న మనవరాలితో.

“వాడు సరిగ్గా విసరలేదు అమ్మమ్మా” అంది అది, కాయలు తొక్కకుండా అంచున నడుస్తూ.