వంద దాటిన టోకెన్

ఈ ఘనకార్యం చదివాక నన్ను మీరేమైనా అనండి, అంతకంటే ఘాటుగా నేను ఎప్పుడో అనుకున్నాను. రిటైరై ఆరేళ్లయినా ఆ రోజు గుర్తొస్తే ఒళ్లు మండుతుంది. ఎవరి మీదో మీకే తెలుస్తుంది.

ఆబిడ్స్‌లో మా సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఏళ్ల తరబడి ప్రోగ్రాములు రాసి రాసి, ఆ వారమే టెక్నాలజీ విభాగానికి పెద్దనయ్యాను. కుర్చీ తిరిగేది. దానికంటే వేగంగా నా తల తిరిగేది.

నాలుగో రోజు నాంపల్లిలోని ఒక కంటి దవాఖాన నుంచి ఫోను. రోగులకు వరస నంబర్లిచ్చే అక్కడి టోకెన్ యంత్రానికి ప్రోగ్రాం మాదే.

"ఇక్కడ కొట్టుకుంటున్నారు, తొందరగా రండి!"

ఆ ప్రోగ్రాం బాగోగులు చూసే ఇంజనీరు యాదగిరిని వెంటబెట్టుకుని పరిగెత్తాను.

ఆ రోజు ఉచిత పరీక్షలట. ఇసక వేస్తే రాలనంత జనం. వంద టోకెన్లు అయిపోగానే యంత్రం మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. చిన్న నంబరును ముందు పిలవడం దాని అలవాటు. ఇంకేముంది, వెనకొచ్చినవాళ్లంతా ముందుకు!

"పొద్దుగాల ఆరింటికొచ్చిన, నాది తొంభై ఎనిమిది. గీమె ఇప్పుడే ఆటో దిగింది, ఒకటంట!" ఒక పెద్దాయన చేతికర్ర ఎత్తాడు.

"నేను రాసుకున్ననా తాతా? మిషనే ఇచ్చింది" అందామె, టోకెన్‌ను తీర్పు కాగితంలా చూపిస్తూ.

నేను అందరి ముందే యాదగిరి మీద విరుచుకుపడ్డాను.

"వంద దాటి లెక్కపెట్టడం రాని ఏ గాడిద రాసిందయ్యా దీన్ని?"

"నేను కాదు సార్. నేనొచ్చేసరికే ఉన్నది."

"ఉంటే మార్చవా?"

"మారుస్తనని పోయినేడు, మా సీనియరని మీకే కాగితం పెట్టిన సార్."

"సాకులు!"

అతను పెన్ను తీసి, టోకెన్ల మీది ఆ దొంగ నంబర్లను కొట్టేసి, నూటొకటి, నూటరెండు అని రాసుకుంటూ పోయాడు. గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నాడట. నేను ఊరందరి భుజాలూ తడిమాను, నావి తప్ప!

ఆఫీసుకొచ్చి, యాదగిరిని ఉద్యోగంలోంచి తీసేయమని రెండు పేజీల ఉత్తరం రాశాను. సిబ్బంది వ్యవహారాలు చూసే వసుంధరగారు కళ్లద్దాల మీదుగా చూశారు.

"అతనికి మొన్ననే పెళ్లయింది. తప్పు అతనిదేననడానికి ఆధారముందా?"

"ఆధారమా! ఇన్నేళ్లుగా ఒక్కరోజు తప్పకుండా డైరీ రాస్తున్నానండీ. ఆ ప్రోగ్రాం ఎవరు రాశారో రేపు తేదీతో సహా చూపిస్తా."

మర్నాడు ఆ యంత్రం పెట్టిన ఏటి డైరీ తెచ్చి, యాదగిరిని పిలిపించి, ముందుగా చూసుకోకుండానే పేజీ తెరిచి, గొంతు సవరించుకుని చదివాను. పైకి!

"టోకెన్ ప్రోగ్రాం నేనే ముగించాను. లెక్క వంద వరకే పెట్టాను. ఒక్కరోజులో అంతమందికి కళ్లు మసకేస్తాయా? ఛాయ్‌కి వేళయింది. రేపు సరిచేస్తాను."

దొంగకు తేలు కుట్టినట్టు అంటారు. నన్ను కుట్టింది నేను పెంచుకున్న తేలు.

"తర్వాతి పేజీ కూడా చదవండి" అన్నారు వసుంధరగారు, దయ లేకుండా.

"తలనొప్పి. రేపు సరిచేస్తాను."

ఆ తర్వాతి పేజీలో: "బిస్కట్లు మెత్తబడ్డాయి."

చేతిరాత మాత్రం ముత్యాలు! అదే ఇప్పటికీ నన్ను కాల్చుకు తింటోంది.

"ఫికర్ చేయకున్రి సార్" అన్నాడు యాదగిరి, వసుంధరగారి బల్ల మీది నా ఉత్తరం చూసి నవ్వాపుకుంటూ. "పొద్దుగాలే సరిచేసిన. ఇప్పుడు లక్ష దాకా పోతది. ఇంతకీ గా ఉత్తరంల పేరు మార్చాల్నా?"

ఉత్తరం చింపి, అతనికి ఛాయ్ తెప్పించాను.

పాఠకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకపై గాడిదను వెతకాల్సివస్తే ముందు నా డైరీలోనే వెతుకుతాను. ఒంటరిగా, తలుపేసుకుని, మనసులోనే చదువుకుంటాను.