జిల్లా పేజీ

పినపాక బస్టాండులో పేపరు కట్ట దిగగానే బలరాం మొదటి పేజీ వంక చూడనైనా చూడడు. నిలబడే జిల్లా పేజీలు తిరగేసి, తన వార్త దొరికితే చుట్టూ బొటనవేలి గోటితో గీసి, చింపి, మడిచి జేబులో పెట్టుకుంటాడు. పట్నం నుంచి అరవై ఏళ్లుగా వస్తున్న ఆ పత్రికకు ఇరవై ఆరేళ్లుగా ఇక్కడి విలేకరి అతనే. ఎవరు చనిపోయినా ముందు "ఫొటో ఉన్నదా?" అని అడగడం నోటికి అలవాటైపోయింది. వాగు అవతలి గూడెంలో ఆదెమ్మ అనే ముసలామె కోడలికి కాన్పు నొప్పులొస్తే, బాట బండి నడిచేలా లేక మంచం మీద మోసుకొస్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. అప్పుడూ అదే అడిగాడు. లేదన్నారు. ఖాళీ మంచాన్ని ఫొటో తీసి పంపాడు.

వార్త బాగానే వచ్చింది. ఆ ముక్క తీసుకెళ్లి ఇస్తే ఆదెమ్మ కళ్లకద్దుకుని, "పట్నంల పెద్దసార్లు చూసిండ్రా, బిడ్డా?" అంది. పట్నంలో అమ్మే పేపరులో ఈ జిల్లా పేజీయే ఉండదని బలరాంకు తెలుసు. "అవ్ అవ్వా, చూసిండ్రు" అన్నాడు.

పది రోజుల తర్వాత అటు వెళ్తే గూడెం గూడెమంతా బాట మీదే ఉంది. పొదలు కొట్టి, గుంతలు పూడుస్తున్నారు. ఆదెమ్మ పార పక్కన పెట్టి ఎదురొచ్చింది.

"సార్ల జీపు రావాలె గద! ఏ దినం వస్తరట?"

బలరాం ఫోను తీసి, చదునైన ఆ బాటను ఫొటో తీశాడు, జిల్లా పేజీకి.