చెరువు చూడటానికి వచ్చిన బిల్డర్లు

మా ఊరి చెరువు పక్క స్థలంలో కింద దుకాణాలు, పైన ఇళ్లు కట్టే బిల్డర్లను వెతికి తీసుకురావడం మున్సిపాలిటీలో నా ఉద్యోగం. ఈ రోజు పొద్దున బెంగళూరు నుంచి ఇద్దరు వచ్చారు. వాళ్లు ఫోటో తీయబోతుంటే, నిమ్మనపల్లె నుంచి వచ్చి కట్ట మీద చేపలమ్మే మునెమ్మ అడ్డంగా కనిపించింది. ఆమెను పక్కకు జరిపించమని వాళ్ల డ్రైవర్‌కు చెప్పాను. అతను ఒక్క మాటైనా చెప్పకుండా బుట్టను కాలితో తన్నాడు. చేపలన్నీ మట్టిలో పడ్డాయి.

మునెమ్మ తూకపు రాయి తీసి అతని మొహాన కొట్టింది. ముక్కు పగిలి చొక్కా రక్తంతో తడిసింది. అతను ఆమెను జుట్టు పట్టి కట్ట మీద ఈడ్చాడు. విడిపించబోతే అతని మోచెయ్యి తగిలి నా పెదవి చిట్లింది; అప్పుడుగానీ ఆమెను వదల్లేదు.

"ఇక్కడ జనం ఎప్పుడూ ఇంతేనా?" అని బిల్డర్లలో పెద్దాయన నన్నడిగాడు.

మునెమ్మ నోట్లోని మట్టి ఉమ్మి, "నోటితో జరగమంటే జరుగుతా ఉంటి గదప్పా. కాలితో తన్నేది యాల?" అంది.

బిల్డర్లు స్థలం పూర్తిగా చూడకుండానే కారెక్కారు. సాయంత్రం మా ఆఫీసర్ జరిగింది రాసిమ్మన్నాడు. మునెమ్మ మీద కేసు రాకూడదని, మొదట తన్నింది డ్రైవరేనని రాశాను. అతన్ని పంపింది నేనేనన్న వాక్యం మాత్రం రెండుసార్లు రాసి కొట్టేశాను. వాచిన పెదవితో కాఫీ కూడా తాగలేక కూర్చున్నాను. మీరైతే ఆ వాక్యం ఉంచేవారా?