కుండపెంకుకు మొక్కిన పంతులు

నిజాం రాజ్యంలోకి భారత సైన్యం దిగిన పోలీస్ యాక్షన్ జరిగిన మరుసటి ఏడు సికింద్రాబాద్ లాలాగూడలో కొత్తగా పంతులునయ్యాను. చదివిన నాలుగు చరిత్ర పుస్తకాలూ నెత్తికెక్కి ఉన్నాయి. ఓ ఉదయం ఐదో తరగతి పిల్లలను ఊరి బయట చెరువు గట్టుకు తీసుకెళ్లాను. అక్కడ గుండ్రంగా పాతిన పెద్ద రాళ్లను జనం రాక్షసగుళ్లంటారు. నిజానికవి వేల ఏళ్లనాటి సమాధులు.

ఆ రాళ్ల మధ్య మసిబారిన కుండపెంకు కనబడగానే నా ఒళ్లు పులకరించింది.

"తొలి మానవులు వండుకున్న కుండ! చెప్పులు విడిచి మొక్కండి" అన్నాను. పిల్లలు మొక్కారు. వాళ్లకంటే ముందు నేనే వంగి మొక్కాను.

పక్కనే బట్టలుతుకుతున్న ముసలమ్మ ఖాసింబీ పకపకా నవ్వింది.

"గది నా కుండ సారూ! పోలీస్ యాక్షన్ల పానం గుప్పిట్ల పెట్టుకొని, మనుమరాండ్లతోటి ఈ రాళ్ల నడుమనే దాక్కున్న. పది దినాలు గా కుండలనే గంజి కాసిన. ఇంటికి పోయే నాడు పలిగింది."

నా చరిత్ర చెరువులో కలిసింది. పిల్లలు నన్నొదిలేసి ఆమె చుట్టూ మూగారు. "భయమైందా అవ్వా?" అని ఒకటే ప్రశ్నలు.

పరీక్షలో 'చెరువు గట్టున తొలుత నివసించినదెవరు?' అని అడిగితే ఒక పాప రాసింది: "ఖాసింబీ అవ్వ. మా సారు ఆమె కుండకు మొక్కిండు."

ఎర్ర సిరాతో కొట్టేయబోయాను. చెయ్యి రాలేదు. పాఠం తప్పయినా, మొక్కు సరైన చోటే పడిందని ఇప్పటికీ అనుకుంటాను.