తొడపట్టీల సార్

సార్ పోయారని మంగళవారం పొద్దున మా పడవల వాళ్ళ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర బస్సు దిగి, నాలుగడుగులు వేసి కూలబడ్డారట. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిందట. వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు వచ్చాయి. నేనూ ఒకటి పెట్టాను. పెట్టాక గుర్తొచ్చింది, రెండేళ్ళ కిందట ఆ గ్రూపులోంచి ఆయన్ని తీసేసింది మేమేనని. అందుకు కారణం నేనని.

మా వాళ్ళు ఆయన గురించి నన్నే నాలుగు మాటలు రాయమన్నారు. ఆయన దగ్గర అందరికంటే ఎక్కువ కాలం నేర్చుకున్నది నేనే కాబట్టి రాస్తున్నాను.

సార్ నాచారంలో బెల్టులు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. బావుల్లో ఈత నేర్చిన మనిషి. ఎవరో పడవ పట్టీ తెగితే కుట్టిమ్మని తెచ్చారట, అక్కణ్ణుంచి ఆ పనిలోనే ఉండిపోయారు. రాళ్ళ మధ్య ఉరవడిగా పారే ఏటిలో నడిపే కెనూ అనే చిన్న పడవలో మోకాళ్ళ మీద కూర్చోవాలి. రెండు తొడల మీదుగా వెడల్పాటి పట్టీలు బిగిస్తారు. అప్పుడే పడవ మన నడుముతో పాటు తిరుగుతుంది. అదే పడవ బోల్తా పడితే మనమూ దానితో పాటు నీళ్ళలో తలకిందులుగా ఉంటాం. బకిల్ దగ్గరి గుంజుడు తాడును ఒక్కసారి లాగితే పట్టీ వదిలేయాలి. అంతవరకూ గట్టిగా పట్టుకుని, లాగిన క్షణంలో వదిలేసే పట్టీ బిగించడమే సార్ విద్య.

తన ఇంటి ముందు రేకుల కింద పడవ పెట్టి, అందులో నన్ను అరగంట మోకరిల్లబెట్టి కొలతలు తీసేవారు. పడవ లోపల అడుగున గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, రెండు పూతలు జిగురు వేసి, పట్టీలు తగిలించే రింగులు అతికించేవారు. ఒక రోజంతా ముట్టనిచ్చేవారు కాదు. తొందరపెడితే, "తొందరున్నోళ్ళు ఆటో ఎక్కుండ్రి, పడవ ఎక్కొద్దు" అనేవారు. పట్టీకీ తొడకీ మధ్య బొటనవేలు దూర్చి చూసేవారు. పట్టీ కొసను మాత్రం జానెడు వదిలి కోసి, అంచు పీచు లేవకుండా కొవ్వొత్తి మంటకు చూపించేవారు. "కొస ఇడిగుండాలె. దానికి ముడి ఏసుడంటే, ఇంట్ల కూసొని తాళమేసి చెవి బయటికి ఇసిరేసుడే."

ఉప్పల్లోని ఈత కొలనులో ఆయన మమ్మల్ని పెట్టిన హింస అంతా ఇంతా కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూనే పడవను బోల్తా కొట్టేవారు. మొదటిసారి నాకు గుంజుడు తాడు దొరకలేదు. నీళ్ళు మింగాను. పడవ అంచును పిడికిళ్ళతో బాదాను. ఆయన నడుముల్లోతు నీళ్ళలో పక్కనే నిలబడ్డారు గాని పడవను ఎత్తలేదు. ఎలాగో తాడు దొరికి పైకి తేలాక, దగ్గుతూ అరిచాను.

"మీరసలు మనిషేనా?"

"ఏటి కాడ నేనుంటనా? ఆడ నీ చేతులే నీకు దిక్కు. మల్ల ఎక్కు."

ఆ రోజు ఏడుసార్లు ఎక్కించారు. తొడలు కమిలిపోయి చిల్కానగర్‌లోని మా ఇంటికి ఏడుస్తూ వెళ్ళాను. నెల తిరిగేసరికి కళ్ళు మూసుకుని పట్టీ వదిలించుకోగలిగాను. అభ్యాసం అయ్యాక ఉప్పుకారం అద్దిన జామకాయ ముక్కలు డబ్బాలోంచి తీసి పంచేవారు. ఎవరు ఎక్కువ ఏడిస్తే వాళ్ళకు ముందు.

రెండేళ్ళ కిందట కర్ణాటకలో ఒక ఏటికి వెళ్ళాం. ఆయన భార్యకు కంటి ఆపరేషన్, అందుకని సార్ రాలేదు. ఆ పొద్దున నా కుడి పట్టీ కొస గాలికి టపటపా కొట్టుకుంటూ విసిగిస్తోంది. ముడి వేశాను. నేనే వేశాను. ఒక్క నిమిషం పని.

నీళ్ళు రాళ్ళ మీంచి కిందికి దూకే రెండో చోట పడవ తిరగబడింది. ఎడమ పట్టీ వదిలింది. కుడిది లాగితే ముడి బకిల్లో ఇరుక్కుంది. పడవ రాయికి కొట్టుకుంటుంటే కాలు లోపలే మెలితిరిగింది. వెనక వస్తున్న మిత్రుడు కత్తితో పట్టీ కోసి నన్ను బయటికి లాగాడు. ప్రాణం దక్కింది. మోకాలు చితికిపోయింది. ఇక ఎన్నటికీ మోకరిల్లలేను.

పడవ నాచారంలో సార్ ఇంటికి చేరింది. కోసిన పట్టీ ముక్క సార్ చేతికి వెళ్ళింది. మర్నాడే నేనున్న ఆసుపత్రికి వచ్చారు. మంచం పక్కన నిలబడి, మెల్లగా అడిగారు.

"బిడ్డా, కొసకు ముడి ఏసినవా?"

"లేదు సార్" అన్నాను.

నా ముఖంలోకి చూశారు. "సరే" అన్నారు.

మా అమ్మ మండిపడింది. "ఆడపిల్ల కాలు పోగొట్టి, ఇంకా దాన్నే అడుగుతున్నారా?" ఆయన చేతులు కట్టుకుని విన్నారు.

నేను చంకకర్రలతో నడవడం మొదలుపెట్టాక కొలను దగ్గర అందరూ కూడి ఆయన్ని నిలదీశారు. ముడి ఉన్న ముక్క ఆయన దగ్గరే ఉందని నాకు తెలుసు. తీసి చూపిస్తే సరిపోయేది. ఆయన నావైపు చూస్తూ ఆగారు. నేను నేల చూశాను.

"పట్టీ బిగించింది నేనే" అన్నారు సార్.

అది ఒప్పుకోలనుకున్నారు అందరూ. ఆ తర్వాత ఆయన దగ్గరికి ఒక్క పడవా వెళ్ళలేదు. కొత్తగా చేరినవాళ్ళు ఆయనకు 'కాళ్ళు విరిచే సార్' అని పేరు పెట్టి నవ్వితే, నేనూ నవ్వాను. ఒకసారి ఫోన్ చేశారు.

"కాలు ఎట్లున్నది బిడ్డా?"

"ఎలా ఉంటుంది? మీరు చేసినట్టే ఉంది."

"మంచిది. జర మెట్లు మెల్లగ దిగు" అని పెట్టేశారు. ఆయనతో అదే చివరి మాట.

ఆయన పోయిన మూడో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య పెరట్లో బట్టలు ఉతుకుతోంది. ముడి వేసింది నేనేనని చెప్పాను. ఆమె చేతిలోని చొక్కా పిండడం ఆపలేదు.

"నాకెర్కే. ఆ ముక్క సూపెట్టిండు. అందరికి చెప్పరాదా అని నేనన్న. ఆ పిల్లనే చెప్తది తియ్యి అన్నడు. రెండేండ్లు సూసిండు."

"క్షమించమ్మా" అన్నాను.

"నన్నెందుకడుగుతవ్? ఆయన ఉన్నప్పుడు రాకపోతివి."

గ్రూపులో రాశాను. ఇక్కడా రాస్తున్నాను. సార్ బిగించిన పట్టీలో ఏ తప్పూ లేదు. అబద్ధం నాది.

ఆ రోజు పెరట్లో ఆమె ఇక నావైపు చూడలేదు. ఎవరికైనా ఇచ్చేయడానికి ఆయన చొక్కాలన్నీ ఉతికినట్టుంది. ఒక్కొక్కటే దులిపి, కింది అంచులు తీగకు తగిలించి ఆరేస్తోంది. తలకిందులుగా వేలాడుతున్న ఆ చొక్కాల చేతులు నేలవైపు చాచుకుని ఉన్నాయి. కొసల నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.