మేస్త్రి ఎంచిన పుల్లలు

మామిడి అంట్లకి మా ఆయన పెట్టింది పేరు. నర్సరీలో అందరూ మేస్త్రి అంటారు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన మంచి చెట్టు పుల్ల కోసి నాటు మొక్కలో దింపుతాడు, అతుకు కదలకుండా నేను టేపు చుడతాను. ఇంట్లో ఎంత పోట్లాడుకున్నా పొద్దున్నే ఒకే బల్ల దగ్గర కూర్చోక తప్పదు.

రెండేళ్ళుగా ఆయనకి చూపు మందగించింది. పైకి చెప్పడు. చెప్తే పని పోతుంది. పని పోతే ఇంట్లో కూర్చుని నన్ను కాల్చుకు తింటాడు. అందుకని కొమ్మ చివరి మొగ్గను బొటనవేలితో నొక్కి, బాగా ఉబ్బి ఉంటే కోసేస్తాడు.

వేలికి తెలియని సంగతి ఒకటుంది. ఒక చిన్న పురుగు మామిడాకు ఈనెలో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు పక్కనున్న మొగ్గను పట్టి రసం పీలుస్తాయి. దాంతో మొగ్గకు మతి పోతుంది. చిగురు వెయ్యడం మాని, పొలుసు మీద పొలుసు పేర్చుకుంటూ మొనదేలిన పచ్చని బుడిపె అయిపోతుంది. చెట్టు తన కండతోనే పురుగుకి ఇల్లు కట్టి, లోపలే తిండి కూడా పెడుతుందన్నమాట. చెట్టంత చెట్టుకీ బుద్ధి లేదు! పైనుంచి నొక్కితే మాత్రం అచ్చం బలమైన మొగ్గే.

ఆయన కోసుకొచ్చిన పుల్లలు తడిపే నెపంతో రోజూ పక్కకి తీసుకెళ్ళి, బుడిపెలున్నవి ఏరి పారేసి, వాటి బదులు అన్నే మంచివి కోసి కలిపేదాన్ని. ఆ తర్వాత నా పని ఎటూ ఉండేది. సాయంత్రానికి నడుం విరిగిపోయేది.

మొన్న జ్వరంతో నాలుగు రోజులు పడుకున్నాను. తిరిగి వెళ్ళేసరికి ఓనరు మా బల్ల ముందు నిలబడి ఉన్నాడు. బ్లేడుతో ఒక బుడిపెను చీల్చి చూపించాడు. లోపల పిల్లపురుగులు.

"నాలుగు రోజుల్లో కట్టినవాటిలో సగం ఇవే మేస్త్రీ. ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ లేదే! అసలు కళ్ళు కనబడుతున్నాయా నీకు?"

మా ఆయన ఆ బుడిపెను వేలితో తడిమి చూశాడు.

"నేను లేను కదా సార్, అందుకని..." అనేసి నాలిక్కరుచుకున్నాను.

మా ఆయన మెల్లగా నా వైపు తిరిగాడు. "నువ్వు లేకపోతే ఏం? తడపడానికని తీసుకెళ్ళి నా పుల్లలు ఏరుతున్నావా? ఎన్నాళ్ళ నుంచే?"

"రెండేళ్ళు."

"రెండేళ్ళూ నా చెయ్యి గొప్పదని అందరి దగ్గరా కోతలు కోశాను. ఎంత వెర్రిబాగులోణ్ణి చేశావే!"

నాకూ ఒళ్ళు మండింది. "చెప్తే విని చచ్చేవాడివా? నీ పనీ నా పనీ చేసీ చేసీ అలిసిపోయానయ్యా. ఇక నావల్ల కాదు."

ఆయన కత్తి తుడిచి నా ముందు పెట్టాడు.

"సార్, ఇవాళ్టి నుంచి మా ఆవిడ కోస్తుంది. నేను టేపు చుడతాను. ఇష్టమైతే ఉంచండి."

ఓనరు తల గోక్కున్నాడు. "సరే. ముందు ఇవన్నీ పీకి కాల్చెయ్యండి. మళ్ళీ మొదటి నుంచి కట్టండి."

పీకి కాల్చేసరికి మధ్యాహ్నమైంది. ఆయన నా పీట మీద కూర్చుని టేపు చుట్ట తీసుకున్నాడు. కొస దొరక్క గోళ్ళతో గీకుతున్నాడు. కొస తీసి ఆయన వేళ్ళ మధ్య పెట్టి, కత్తి అందుకున్నాను.